కదిరమ్మ కట్టిన చాక్లెట్ ఉండలు

గుంతకల్లు రైల్వే క్వార్టర్లలో క్రిస్మస్‌కు ఏ పిండివంట చెయ్యాలో తేల్చేది సుగుణమ్మే. చర్చి స్త్రీల సమాజానికి ఆమె ప్రెసిడెంటు. భర్త లోకో ఇన్‌స్పెక్టరు. పైగా ఆ వరసలో పెద్ద వంటిల్లు ఆమెది. ఇన్ని అర్హతలున్న మనిషి మాటకు ఎదురు చెప్పడానికి ఎవరికి నోరొస్తుంది? ఏటేటా ఆ వంటింట్లోనే ఆడవాళ్ళంతా కూడి కర్జికాయలో నువ్వుల ఉండలో చేసి, డబ్బాలకెత్తి, చర్చికొచ్చే ఇళ్ళన్నిటికీ పంచేవాళ్ళు. ఈ ఏడు సుగుణమ్మ ఫోనులో ఒక వీడియో చూసింది. చూసిన దగ్గర్నుంచీ ఆమెకు కర్జికాయ మొహం చూడబుద్ధి కాలేదు.

"చాక్లెట్ ట్రఫుల్స్ అంట. నూనె కాగబెట్టే పనే లేదు. క్రీము బిస్కెట్లు పొడి కొట్టేది, డబ్బాపాలు పోసి కలిపేది, ఉండలు కట్టేది, కరగబెట్టిన చాక్లెట్‌లో ముంచి తీసేది. ఐపాయె!" అని అందరికీ ఆ వీడియో చూపించింది.

"పేరు నోరు తిరగల్యాక్కా. మనం బిస్కెట్ ఉండలు అనుకుందాంలే," అన్నది కృపాకుమారి. అందరూ నవ్వారు. ఆ పేరే ఖాయమైంది.

ఉండలు కట్టడంలో కృపాకుమారి తర్వాతే ఎవరైనా. కణేకల్లు పక్క పల్లెలో పుట్టి, బుద్ధి తెలిసినప్పట్నుంచీ రాగిసంగటి ముద్దలు కట్టిన చెయ్యి ఆమెది. భర్త విజయభాస్కర్ గూడ్సుబండి గార్డు. ఆయన ఏ వేళకు డ్యూటీ దిగితే ఆ వేళకు పొగలు కక్కే ముద్ద పళ్ళెంలో ఉండాలి. చెయ్యి నీళ్ళలో ముంచడం, వేడి సంగటి అందుకోవడం, రెండు తిప్పులు తిప్పి పళ్ళెంలో వెయ్యడం ఆమె చూడకుండానే చేసేస్తుంది.

మొదటి రోజు బిస్కెట్లు పొడి కొట్టే పని పెట్టుకున్నారు. అందరూ చేరి కబుర్లలో పడ్డాక కదిరమ్మ వచ్చింది. పిట్ లైనులో బోగీలు కడిగే కాంట్రాక్టు పని ఆమెది. దూరం నుంచి వచ్చిన బండ్లు అక్కడ నిలబడితే, ఎక్కి లోపలంతా ఊడ్చి, మరుగుదొడ్లు కడిగి దిగాలి. డ్యూటీ దిగి, ఇంటికి పోయి తలకు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. జుట్టింకా ఆరలేదు. బాప్తిస్మం తీసుకుని కొన్నేళ్ళయినా సుగుణమ్మ వంటింట్లోకి ఆమెను పిలవడం ఇదే మొదలు. అదీ పిలిచారని కాదు, "నేనూ వస్తానమ్మా" అని ఆదివారం ఆమే అడిగితే, చర్చి గుమ్మంలో నలుగురి ముందర సుగుణమ్మ కాదనలేకపోయింది.

"రా కదిరమ్మా. ఇదో, ఈ బిస్కెట్లు చితక్కొట్టు," అని సుగుణమ్మ మందపాటి ప్లాస్టిక్ కవరులో బిస్కెట్లు పోసి, మూతి ముడివేసి, చపాతీ కర్రతో సహా ఇచ్చింది.

కదిరమ్మ గుమ్మం పక్కన కూర్చుని కొట్టింది. బోగీలు తోమిన బలం. ఒక్కో కవరు నిమిషాల్లో మెత్తగా అయిపోతూ ఉంటే కృపాకుమారి ముచ్చటపడి చూసింది. ఆ తర్వాత ఆమెకు డబ్బాపాల మూతలు కోసే పని ఇచ్చారు. ఆ తర్వాత పెద్ద బేసిన్ పట్టుకుని కదలకుండా ఆపే పని. పొడీ డబ్బాపాలూ బేసిన్‌లోకి పోశారు. సుగుణమ్మ మోచేతుల దాకా గాజులు పైకి తోసుకుని కలపడానికి దిగింది. ఇంకో ఇద్దరు చెరో పక్కన చేతులు పెట్టారు. బేసిన్ పట్టుకున్న కదిరమ్మకు అంచున ఒక గడ్డ కనిపించింది. దాన్ని చిదుపుదామని చెయ్యి ముందుకు పెట్టింది.

"చెయ్యి పెట్టొద్దు కదిరమ్మా, గరిటె తీసుకో," అన్నది సుగుణమ్మ. గట్టిగా కూడా అనలేదు. పాలు పొంగుతున్నాయి చూడు అన్నంత మామూలుగా అన్నది.

కదిరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని చీర కుచ్చిళ్ళకు తుడుచుకుంది. తుడుచుకోవడానికి ఆ చేతికి ఏమీ అంటలేదు. అప్పుడు కృపాకుమారికి కదిరమ్మ వచ్చినప్పట్నుంచీ జరిగిందంతా ఒక్కసారిగా అర్థమైంది. కవరు, డబ్బా, బేసిన్ అంచు, ఇప్పుడు గరిటె. ఆ మనిషికి ఇచ్చిన ప్రతి పనిలోనూ ఆమె చేతికీ తిండికీ మధ్య ఏదో ఒకటి అడ్డం ఉంది. సుగుణమ్మ దీన్నంతా ముందే ఆలోచించి పెట్టుకుందా, లేక ఆలోచించకుండానే ఆమెకు ఇలా వచ్చేస్తుందా అన్నది కృపాకుమారికి తేలలేదు. రెండోదనుకుంటేనే ఎక్కువ భయం వేసింది. అయినా పండగ పూట ఎందుకులే అని మనసుకు సర్దిచెప్పుకుంది. ఇట్లాంటి మాటలు సర్దిచెప్పుకోవడంలో మనందరం ఆరితేరినవాళ్ళమే.

సాయంత్రం ఇద్దరూ ఒకే దారిన బయల్దేరారు. పాదచారుల వంతెన దాకా తోడు. కింద గూడ్సు బండి ఒకటి సిగ్నలు కోసం నిలబడి ఉంది. చలిగాలి మొహాలకు కొడుతోంది.

"ఇవి చేసేది అంత కష్టమేం కాదు కదక్కా?" అని అడిగింది కదిరమ్మ.

"చూస్తివి కదా. మనకు తెలిసిన పనే. యాలా?"

"నేనూ మా ఇంటికాడ చేద్దామనుకుంటాండా. క్యారల్స్‌కు అందరూ వస్తారు కదా."

"చెయ్యి. దానికేముంది!"

కదిరమ్మ వంతెన మీంచి పట్టాల వైపు చూసింది. "పోయినేడు కర్జికాయలు చేసింటి. పాటలు పాడినంక అందరూ కవర్లో ఏయిచ్చుకోనిరి. లేటైతాంది, ఇంటికాడ తింటామనిరి. తెల్లారి డ్యూటీకి పోతాంటే ఆ కవరు పట్టాల పక్కన పడుండాది. కుక్కలు పీకుతాండాయి."

"ఎవరే పారేసింది?"

"ఎవరైతే ఏమిలేక్కా. కవరుకు పేరు రాసుండదు కదా." ఆమె గొంతులో కోపం లేదు. "ఈ బిస్కెట్ ఉండలైతే బేకరీ సరుకు మాదిరి ఉంటాయి. సుగుణమ్మ ఇంట్లో చేసిన వంటే మా ఇంట్లో చేస్తే కాదనరు కదా? నేనూ ఆడ కూచోని చేసినానని అందరికీ తెలిస్తే తింటారు. ఒక్కరన్నా సరే, మా ఇంట్లో, నా కండ్ల ముందర నోట్లో పెట్టుకుంటే చాలక్కా. అంతకంటే నాకేమీ వద్దు."

కృపాకుమారి వంతెన చువ్వ పట్టుకుని నిలబడిపోయింది.

"రేపు నన్నూ ఉండలకు కూచోబెట్టమని చెప్పు. నీ మాట వింటాది ఆయమ్మ," అన్నది కదిరమ్మ.

"చెప్తాలే," అన్నది కృపాకుమారి. అన్నాక గానీ ఎంత బరువు నెత్తికెత్తుకుందో ఆమెకు తెలియలేదు.

మర్నాడు అందరికంటే ముందే పోయి సుగుణమ్మ చెవిన వేసింది. సుగుణమ్మ బటర్ పేపరు కత్తిరిస్తూ విన్నది. ఆమె చెడ్డ మనిషి కాదు. ఎవరింట్లో జబ్బు చేసినా మొదట క్యారియరు పంపేది ఆమే.

"నాకేమీ లేదమ్మా కృపా. దేవుని ముందర అందరూ ఒకటే. కానీ ఇన్ని ఇండ్లకు పంచేది కదా. ఆమె చేసే పని అందరికీ తెలుసు. ఎవరన్నా ఒక మాటంటే పోయేది సమాజం పరువు కదా." కత్తెర ఆపి కాసేపు ఆలోచించింది. "పోనీ, చాక్లెట్ కలబెట్టమందాం. గరిటె పొడుగ్గా ఉండాదిలే."

కృపాకుమారి దానికే సంతోషపడింది. అంతకంటే అడిగే ధైర్యం తనకు లేదని ఆమెకు తెలుసు.

పొయ్యి మీద వెడల్పాటి గిన్నెలో నీళ్ళు కాగుతున్నాయి. దాని మీద ఇంకో గిన్నె పెట్టి, సర్ఫరాజ్ బేకరీ నుంచి తెచ్చిన చాక్లెట్ అచ్చును కత్తితో తరిగి వేశారు. కదిరమ్మ గరిటె పట్టుకుని నిలబడింది. తుంపులు అంచుల్లో మెత్తబడి, ఒకదానిలోకి ఒకటి జారి, నల్లగా నిగనిగలాడే ద్రవమైంది. కదిరమ్మ తొందరపడలేదు. అడుగున అంటకుండా నెమ్మదిగా, ఒకే దిక్కుగా తిప్పింది. వంటింటి నిండా ఆ వాసన కమ్ముకుంటే పండగ వచ్చేసినట్టే అనిపించింది అందరికీ. కదిరమ్మ తల తిప్పి కృపాకుమారిని చూసి నవ్వింది. ఆ మనిషి అంత నోరారా నవ్వడం కృపాకుమారి ఎప్పుడూ చూడలేదు.

కింద చాప మీద ఉండలు కట్టే పని మొదలైంది. డబ్బాపాలు పోసిన బిస్కెట్ పిండి జిగటగా చేతికి అంటుకుంటోంది. మిగిలినవాళ్ళు విసుక్కుంటూ ఉంటే కృపాకుమారి మాత్రం చకచకా కట్టేస్తోంది. పక్కన చిన్న గిన్నెలో నీళ్ళు. చెయ్యి ముంచడం, పిండి తీసుకోవడం, రెండు తిప్పులు తిప్పి పళ్ళెంలో వెయ్యడం. తడి తడిగా మెరిసే ఉండలతో పళ్ళెం నిండగానే ఆమే లేచి పోయి చాక్లెట్‌లో జారవిడిచింది. కదిరమ్మ ఫోర్కుతో ఒక్కొక్కటీ దొర్లించి, ఎత్తి, బటర్ పేపరు మీద పెట్టింది. మొదటి పళ్ళెం చూసి అందరూ ఆహా అన్నారు.

రెండో పళ్ళెంలో ఒక ఉండ మునిగిపోయింది. కృపాకుమారి తడి వేళ్ళతోనే దాన్ని పైకి తీసింది. మూడో పళ్ళెం వేసేసరికి చాక్లెట్ నిగారింపు పోయింది. చూస్తుండగానే చిక్కబడింది. గరిటె తిరగనంటోంది. తడి తగిలిన సిమెంటులా గరుకుగా గడ్డకట్టి గిన్నెకు కరుచుకుంది.

"అమ్మా, ఒకసారి చూడండి," అని పిలిచింది కదిరమ్మ.

సుగుణమ్మ వచ్చి చూసి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "అయ్యో, ఏం చేస్తివే?"

"ఏం చేయలేదమ్మా. కలబెడతాంటి, అంతే."

"మంట పెంచినావా?"

"లేదమ్మా. ముట్టనే లేదు."

"ఏమీ చెయ్యకుండానే ఇంత సరుకు ఇట్లయితాదా?"

చాప మీద నుంచి ఎవరో గొంతు తగ్గించి, అందరికీ వినపడేంతగా మాత్రమే తగ్గించి, "చేతివాసి అంటారు చూడు. కొందరు ముట్టుకుంటే అంతే," అన్నారు. ఎవరూ ఆ మాట కాదనలేదు. ఒకామె ఆరబెట్టిన ఉండల వైపు అనుమానంగా చూసింది కూడా.

"సరేలే, పక్కకు రా కదిరమ్మా. వెనకాల గిన్నెలు పడుండాయి, అవి చూడు పో," అన్నది సుగుణమ్మ.

కదిరమ్మ గరిటెను చప్పుడు కాకుండా పక్కన పెట్టింది. కృపాకుమారి మొహంలోకి ఒక్కసారి చూసింది. నువ్వన్నా చెప్పక్కా అన్నట్టుగా ఉందా చూపు. ఏం చెప్పాలి? కృపాకుమారికి మాత్రం ఏం తెలుసు? తడి చెయ్యి పైటకు తుడుచుకుంటూ, "నేను పోయి ఇంకో అచ్చు తెస్తానక్కా," అని చెప్పులేసుకుంది.

సర్ఫరాజ్ బేకరీలో క్రిస్మస్ కేకుల రద్దీ. కుర్రాడు సర్ఫరాజ్ కౌంటరు వెనక డబ్బాలకు దారాలు కడుతూనే సంగతంతా విన్నాడు.

"నీళ్ళు తగిలింటాయక్కా. కరిగిన చాక్లెట్‌కు నీళ్ళంటే గిట్టదు. కొంచెం తగిలినా గడ్డ కట్టేస్తాది."

"నీళ్ళు యాడివి? గిన్నె పొడిగా తుడిచి పెడితిమి. కలబెట్టేది ఆ పొడుగు గరిటె."

"మరి ఉండలు ఎట్ల కడితిరి?"

"చేత్తోనే."

"తడి చేత్తోనా?"

కృపాకుమారి తన అరచెయ్యి తాను చూసుకుంది. ఎండిపోయింది గానీ గీతల్లో నల్లటి బిస్కెట్ పిండి ఇంకా ఉంది.

సర్ఫరాజ్ నవ్వాడు. "అది సంగటి ముద్ద కాదక్కా! దీనికి పొడి చెయ్యి ఉండల్ల. అంటుకుంటాంటే కొంచెం నెయ్యి రాసుకోండి. పొద్దున కూడా ఒకామె ఇట్లే చెడగొట్టి వచ్చింది. ఈ ఊర్లో అందరూ సంగటి చేతులే కదా."

అచ్చు పొట్లం పట్టుకుని బజారు వెంట నడుస్తుంటే ఆమెకు ఒక సులువైన దారి తోచింది. ఈసారి చేతికి నెయ్యి రాసుకుంటే సరిపోతుంది. చాక్లెట్ బాగా వస్తుంది. ఎందుకు చెడిందో ఎవరూ అడగరు. అడిగేదేముంది, వాళ్ళకు జవాబు దొరికేసింది కదా, వెనకాల తొట్టి దగ్గర గిన్నెలు తోముతోంది. ఇంత నీచమైన ఆలోచన తనకు ఎంత తేలిగ్గా వచ్చిందో చూసుకుని ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది. మిగిలిన దారంతా దాదాపు పరుగెత్తినట్టే వచ్చింది, ఇంకో ఆలోచన రాకుండా.

గుమ్మంలోంచే గట్టిగా చెప్పేసింది. "కదిరమ్మ తప్పేం లేదక్కా. చాక్లెట్ చెడగొట్టింది నేను. తడి చేత్తో ఉండలు కడితి, ఆ నీళ్ళే దాంట్లో పడినాయి. బేకరీలో అడిగినా."

ఎవరైనా ఏమైనా అంటారని భయపడుతూ నిలబడింది. సుగుణమ్మ పకపకా నవ్వింది. "నీ కణేకల్లు బుద్ధి పోనిచ్చుకుంటివి కాదే కృపా! చాక్లెట్‌ను కూడా సంగటి చేసి పెడితివి!"

"ఇంగ పప్పు, ఊరిమిండి పచ్చడి కూడా తేవల్ల అయితే!" అని ఇంకొకామె అందుకుంది. చాపంతా నవ్వులైంది. ఒకామె కృపాకుమారి భుజం మీద చరిచింది. ఆ నవ్వులో ఎంత చనువుందంటే, భయం తీరిన హాయిలో కృపాకుమారి కూడా నవ్వేసింది. నవ్వుతూనే ఉంది, వెనక తలుపులోంచి గిన్నె గోకుతున్న చప్పుడు ఆగిపోవడం చెవిన పడేదాకా.

తొట్టి దగ్గర కదిరమ్మ గొంతుకూర్చుని ఉంది. గడ్డకట్టిన చాక్లెట్ గిన్నె మోకాళ్ళ మధ్య ఉంది. చేతిలో ఇనప పీచు అలాగే పట్టుకుని ఈ నవ్వులు వింటోంది. నవ్వులు తగ్గాక మళ్ళీ గోకడం మొదలుపెట్టింది. ఎవరూ లేచి ఆ తలుపు దాకా పోలేదు. "కదిరమ్మా, అది అయినాక ఈ బేసిన్ కూడా తోమేయ్," అన్నది సుగుణమ్మ. కొత్త అచ్చు కరిగేటప్పుడు గరిటె పట్టుకోవడానికి ఇంకొకామెను పిలిచింది.

సాయంత్రం కృపాకుమారి గేటు దాకా పరుగెత్తి కదిరమ్మను ఆపింది.

"తప్పు నాదే కదిరమ్మా. అందరి ముందరా చెప్పినా."

"వింటినక్కా."

"మరి..."

"నేను చేసింటే చేతివాసి. నువ్వు చేసింటే నవ్వులాట." కదిరమ్మ పైట చెంగు తల మీదికి లాక్కుంది. "నువ్వు చెప్పకుండా ఉండింటే, నిజంగా నా వల్లనే చెడిందేమోలే అనుకుంటాంటి. ఇప్పుడు అట్ల కూడా అనుకునేకి లేదు."

ఆ రాత్రి భర్త విజయభాస్కర్‌కు సంగటి పెడుతూ కృపాకుమారి జరిగిందంతా చెప్పింది. ఆయన అంతా విని, "చెప్తివి కదా. ఇంగేం చేస్తావు?" అన్నాడు. నిజమే, ఇంకేం చేస్తుంది? కానీ చెప్పడం అయిపోతే మనసు తేలికపడాలి కదా. పడలేదు.

ఇరవైనాలుగో తేదీ పొద్దు వాలుతుండగా క్యారల్స్ బయల్దేరింది. ముందు యేసన్న డప్పు. ట్రాక్ మ్యాన్‌గా పనిచేసి రిటైరైన మనిషి, పాట కంటే డప్పే ముందు నడవాలంటాడు. వెనక సుగుణమ్మ, సమాజం ఆడవాళ్ళు, కాలేజీ పిల్లలు. క్వార్టర్లన్నీ తిరిగి, ప్రతి ఇంట్లో ఏదో ఒకటి నోట్లో వేసుకుని, వంతెన దాటి అవతలి రేకుల ఇళ్ళ వైపు వచ్చారు. ఇక్కడ చర్చికొచ్చేవి రెండిళ్ళే. మొదటిది కదిరమ్మది. రెండు సందులు దాటితే యేసన్న ఇల్లు, అక్కడ కాఫీ తాగి ముగింపు.

కదిరమ్మ గుమ్మానికి కాగితం నక్షత్రం కట్టింది. లోపల బల్బు వెలుగుతోంది. వాకిట్లో నీళ్ళు చల్లి ముగ్గు పెట్టింది. చేతులు జోడించి నిలబడి రెండు పాటలూ విన్నది. పాటలయ్యాయి. సుగుణమ్మ చేతిసంచిలోంచి కవరు ముందే బయటికి తీసి పట్టుకుంది. కదిరమ్మ లోపలికి పోలేదు, ఏమీ తేలేదు. అట్లాగే నిలబడింది.

"వస్తాం కదిరమ్మా," అన్నది సుగుణమ్మ, చేతిలో కవరును ఏం చెయ్యాలో తోచక మడతపెడుతూ.

"మంచిదమ్మా."

అందరూ కదిలారు. వెనకాల ఎవరో హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదలడం కృపాకుమారికి స్పష్టంగా వినిపించింది. తనూ వాళ్ళతోనే నడిచింది. సందు మలుపు దాకా నడిచింది. అక్కడ ఆమె కాళ్ళు సాగలేదు. వెనక్కి తిరిగి వచ్చింది.

కదిరమ్మ ఇంట్లో చాప పరిచి ఉంది. పిట్ లైనులో ఆమెతో పనిచేసే ఆడవాళ్ళు నలుగురైదుగురు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. మధ్యలో పళ్ళెం. ఒకే సైజులో నున్నగా కట్టి, చాక్లెట్‌లో ముంచి, పైన వేయించిన చెనిక్కాయల పొడి చల్లిన ఉండలు. ఒకామె చప్పరిస్తూ, "ఇంగోటి తీసుకుంటానే," అంటోంది. గుమ్మంలో కృపాకుమారిని చూసి అందరూ మాటలాపేశారు.

"నాకొకటి పెట్టు కదిరమ్మా," అన్నది కృపాకుమారి.

కదిరమ్మ లేచి వచ్చింది. పెట్టలేదు. "అందరూ పోయినంక వస్తివి," అన్నది.

కృపాకుమారి తల దించుకుంది. కొట్టినా ఇంత నొప్పి పుట్టేది కాదేమో.

కదిరమ్మ మూలకు పోయి, తెల్లటి గుడ్డ కప్పిన ఇంకో పళ్ళెం తెచ్చింది. "ఇది వాళ్ళకని పెట్టింటి. నిన్నంతా కూచోని చేసినా. ఆయమ్మ చేతిలో కవరు చూసినంక బయటికి తెచ్చేకి కాళ్ళు రాలేదు. నువ్వు తీసుకపో. కదిరమ్మ చేసిందని చెప్పు." ఆగి, పళ్ళెం ఇంకా తన చేతుల్లోనే పట్టుకుని అన్నది, "తినకముందే చెప్పల్ల. తినిపిచ్చి తర్వాత చెప్పొద్దు. నాకట్ల వద్దు."

"తినకపోతే?"

"నువ్వు చెప్పుక్కా. అంతే."

యేసన్న ఇంటి ముందు కుర్చీలు వేశారు. కాఫీ గ్లాసులు తిరుగుతున్నాయి. పళ్ళెంతో వచ్చిన కృపాకుమారిని చూసి, "అబ్బ, ఎప్పుడు చేస్తివే ఇన్ని? మనవాటికంటే బాగుండాయి చూడు!" అంటూ సుగుణమ్మే మొదట చెయ్యి చాచింది. ఆమె వెనక ఇంకో రెండు మూడు చేతులు. ఒక్క నిమిషం నోరు మూసుకుంటే చాలు. అందరూ తింటారు, మెచ్చుకుంటారు కూడా. తర్వాత సంగతి తర్వాత. ఆ ఒక్క నిమిషం కృపాకుమారికి చాలా తీపిగా కనిపించింది.

పళ్ళెం పైకెత్తి పట్టుకుంది. "ఆగండి. ఇవి నేను చేసినవి కాదు. కదిరమ్మ చేసింది. తన చేత్తో చేసింది. మీకోసమని పంపిచ్చింది."

చేతులు ఎక్కడివక్కడ ఆగాయి. ఒకామెకు షుగరు గుర్తొచ్చింది. ఇంకొకామె ఇప్పుడే కాఫీ తాగానన్నది. సుగుణమ్మ చాచిన చెయ్యితో పైట సర్దుకుంది. "పాపం, ఇంత చేసిందా! కవర్లో ఏసియ్యి కృపా. ఇంటికాడ తింటాం," అని సంచి తెరిచింది.

"కవరుకు వద్దక్కా. తినేవాళ్ళు ఈడనే తినండి."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆమే నమ్మలేకపోయింది. యేసన్న డప్పు పక్కన పెట్టి లేచి వచ్చాడు. ఒకటి నోట్లో వేసుకున్నాడు. నములుతూనే ఇంకొకటి తీసుకున్నాడు. "చెనిక్కాయలేసింది. బలే ఉండాదమ్మా," అన్నాడు. కృపాకుమారి కూడా ఒకటి తీసుకుని, సుగుణమ్మ ఎదురుగా నిలబడి తిన్నది. దాని రుచే తెలియలేదు. ఇంకెవరూ లేవలేదు.

"నీ ఇష్టం కృపా," అన్నది సుగుణమ్మ సంచి మూసుకుంటూ. వచ్చే ఏడు ఆ పెద్ద వంటింటి చాప మీద తనకు చోటుండదని ఆ గొంతులోనే కృపాకుమారికి తెలిసిపోయింది. ఆశ్చర్యంగా, దానికి దిగులనిపించలేదు. దిగులంతా పళ్ళెంలో మిగిలిన ఉండలను చూస్తేనే. వాటిని గుడ్డతో కప్పుకుని వెనక్కి నడుస్తుంటే, కదిరమ్మకు ఏ మొహంతో చెప్పాలా అని దారంతా మాటలు వెతుక్కుంది.

కదిరమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. గుడ్డ తీసి పళ్ళెం చూసింది.

"ఎవరు తినిరి?"

"యేసన్న తినె, రెండు. నేనొకటి తింటి, ఆడ్నే నిలబడుకోని." కృపాకుమారి మిగిలింది కూడా చెప్పింది. "ఇంకెవరూ తినలేదు కదిరమ్మా."

కదిరమ్మ కళ్ళల్లో అప్పటిదాకా ఏదో చిన్న ఆశ ఉన్నట్టుంది. అది పోవడం కృపాకుమారికి కనిపించింది.

"ముందే చెప్తివా?" అని అడిగింది.

"చెప్పినా."

"వాళ్ళు చెయ్యి పెట్టకముందే?"

"చెయ్యి చాపినారు. పళ్ళెం పైకెత్తి చెప్పినా."

కదిరమ్మ తల ఊపింది. పళ్ళెం అందుకుని లోపలికి తిరిగి, "కొంచెం జరుగు గంగాదేవీ," అన్నది. చాప మీద ఆడవాళ్ళు ఒకరినొకరు ఒత్తుకుని సర్దుకున్నారు. వాళ్ళ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు ఏర్పడింది.

"రాక్కా, కూచో. ఇందాక నిలబడుకోని తిన్నది తిన్నట్ల కాదు," అన్నది కదిరమ్మ.

కృపాకుమారి చెప్పులు విడిచి లోపలికి పోయి ఆ చోట్లో కూర్చుంది. కదిరమ్మ ఎదురుగా కూర్చుని, పళ్ళెంలోంచి ఒక ఉండ తీసి ఆమె అరచేతిలో పెట్టి, తినేదాకా చూస్తూ ఉంది.